క్రిస్మస్ పొద్దున అమ్మ కూర్చోవాలంటే

క్రిస్మస్ సెలవులకు ఇళ్లకు పోయి తిరిగి హాస్టలుకు వచ్చిన రాత్రి, తెచ్చుకున్న మురుకుల డబ్బాలు మధ్యలో పెట్టుకొని కూర్చోవడం మాకు ఏటా అలవాటు. ఎవరి చర్చిలో ఏ నాటిక వేశారు, ఎవరికి ఏ రంగు చొక్కా వచ్చింది, ఎవరింట్లో కోడి, ఎవరింట్లో పొట్టేలు అని మాట్లాడుకుంటాం. మొన్నటి క్రిస్మస్‌కు ముందటి ఏడు అలా మాట్లాడుకుంటున్నప్పుడు మాలో ఒకడు ఒక ప్రశ్న వేశాడు. "పండుగ రోజు చర్చిలో మీ అమ్మ మొదటి పాట నుంచీ ఉన్నిందా?"

ఆ రాత్రి అక్కడ 11 మందిమి ఉన్నాం. ఒక్కడూ "ఉన్నింది" అని చెప్పలేకపోయాడు. ఒకరి అమ్మ ప్రసంగం సగం అయ్యాక తడి తలతో వచ్చి వెనక వరుసలో కూర్చుంది. ఒకరి అమ్మ వచ్చింది గాని గోడకు ఆనుకొని నిద్రపోయింది. ఇంకొకరి అమ్మ అసలు రాలేదు, పొయ్యి మీద పలావు ఉన్నింది. మాలో క్రిస్మస్ చేసుకోని వాళ్లు ఇద్దరున్నారు. వాళ్లింట్లో ఉగాది నాడూ ఇదే కథ అన్నారు.

ఆ మాట మాకు చాలా రోజులు గుచ్చుకుంది. హాస్టల్లో మా గుడ్డలు మేమే ఉతుక్కుంటాం, మా ప్లేట్లు మేమే కడుక్కుంటాం, వంతులవారీగా గదులు ఊడుస్తాం. ఇంటికి పోయేసరికి మాత్రం చుట్టాలమైపోతాం. అందుకే పోయిన డిసెంబరులో ఒక ప్రయత్నం చేశాం. క్రిస్మస్ పొద్దున చేసే పనుల్లో ఏవి ముందుగా చేసి పెట్టుకోవచ్చో, ఏవి కుదరదో, ఎందుకు కుదరదో ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి, చేసి చూసి, తెలుసుకున్నది ఈ సంచికలో రాస్తున్నాం.

మా ఊళ్ల సంగతి ముందు చెప్పాలి. మాలో ఎక్కువమందిమి మంగంపేట, దాని చుట్టుపక్కల పల్లెల వాళ్లం. మంగంపేట ఓబులవారిపల్లె మండలంలో ఉంది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వే బెరైటీస్‌ను మన వాళ్లు ముగ్గురాయి అంటారు. చూడటానికి మామూలు బూడిదరంగు రాయిలాగే ఉంటుంది గాని ఎత్తితే తెలుస్తుంది దాని బరువు. లీటరు చెంబులో పట్టేంత రాయి 4 కిలోలకు పైనే తూగుతుంది. ఈ రాతిని పిండి చేసి నీళ్లలో, బంకమట్టిలో కలిపి చమురు బావులు తవ్వేటప్పుడు లోపలికి పంపుతారు. ఆ బరువైన బురద పైనుంచి అణిచిపెట్టడం వల్ల భూమిలోని గ్యాసు, చమురు ఒక్కసారిగా ఎగదన్నకుండా ఉంటాయి. మన ఊరి రాయి గల్ఫ్ దేశాలకు, అమెరికాకు పోయేది ఇందుకే.

రాయి బయటి దేశాలకు పోతుంది, దుమ్ము మాత్రం మాకే మిగులుతుంది. పౌడరు మిల్లులూ లారీలూ ఉన్న చోట ఏ వస్తువు మీద వేలుపెట్టి గీసినా గీత పడుతుంది. కాబట్టి ఇల్లు దులిపి సున్నం కొట్టే పని నవంబరులోనే చేసేస్తే క్రిస్మస్ నాటికి మళ్లీ మొదటికే వస్తుంది. డిసెంబరు 20 దాటాక దులిపితే చాలు. పెట్టెలోని కొత్త గుడ్డలను మాత్రం 25 పొద్దున తొడిగేదాకా బయట తాడు మీద వేయకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మా ఊళ్లో ముందుగా చేయడం నష్టమే.

ఇంకో సంగతి, సమయం. మిషన్ స్కూళ్ల పిల్లల్లాగా మాకు 10 రోజుల సెలవులు రావు. దొరికేది ఒకటి రెండు రోజులు. 24 మధ్యాహ్నం బస్సు దిగితే సాయంత్రం పిల్లల నాటిక, రాత్రి క్యారల్స్, 12 గంటలకు ఆరాధన. ఇంటికొచ్చి పడుకునేసరికి 2 అవుతుంది. కుళాయి నీళ్లు వచ్చే రోజైతే 5 గంటలకు లేవాలి. అంటే అమ్మకు 3 గంటల నిద్ర. ఆ మీదట వడలకు పిండి రుబ్బాలి, పిల్లలకు తలంట్లు పోయాలి, మాంసం కడగాలి, మసాలా నూరాలి, చొక్కాకు ఊడిన గుండీ కుట్టాలి. ఇవన్నీ 5కూ 9కీ మధ్య. ఇందులో పొద్దున్నే చేసి తీరవలసినవి ఎన్ని అని మేము లెక్క వేశాం. నీళ్లు పట్టడం, మాంసం తేవడం, వండటం, స్నానాలు. అంతే. మిగతావన్నీ అంతకుముందు రోజుల్లోకి జరపవచ్చు.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. వాళ్లు ఏర్పరచిన సంఘాలు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. ఆ మిషనరీల సొంత దేశంలో క్రిస్మస్ పుడ్డింగును పండుగకు సుమారు 5 వారాల ముందు వచ్చే ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ తలా ఒకసారి గరిటె తిప్పి కలిపి పెట్టే అలవాటుంది. గోవా, మంగళూరు క్రైస్తవులు 'కుస్వార్' అని పండుగకు చాలా రోజుల ముందు నుంచే పిండివంటలు చేసుకుంటారు. అందులో మన కజ్జికాయను పోలినదీ ఉంటుంది. చర్చి క్యాలెండరులో క్రిస్మస్‌కు ముందు 4 ఆదివారాలను ఆగమన కాలం అంటారు. సిద్ధపడటానికే ఆ రోజులు. మనం ఆ నాలుగు వారాలూ పాటలు ప్రాక్టీసు చేస్తాం, పనిని మాత్రం 24 రాత్రికి ఉంచుతాం.

ఇక వంటల సంగతి. ఏది నిలవ ఉంటుంది, ఏది ఉండదు అనేది చాలావరకు అందులో ఎంత నీరుంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. బూజుకూ, పులిసిపోయేలా చేసే సూక్ష్మజీవులకూ నీరు కావాలి. మురుకులు నూనెలో వేయగానే బుడగలు పొంగుతాయి. అవి నూనె బుడగలు కావు, పిండిలోని నీరు ఆవిరై బయటికి రావడం. బుడగలు దాదాపు ఆగిపోయాయంటే నీరు పోయిందని అర్థం. అప్పుడు తీస్తే రెండు వారాలైనా కరకరలాడుతాయి. తొందరపడి తీస్తే మూడో రోజుకే మెత్తబడతాయి. వేడి మీద డబ్బాలో పోసి మూత పెట్టినా అంతే. లోపల ఆవిరి చల్లబడి నీళ్లై మళ్లీ మురుకుల మీదే పడుతుంది. మాలో ఒకడి అవ్వ ఈ సైన్సంతా చదవకుండానే, చాప మీద ఆరబోసి "చెయ్యి పెడితే చల్లగా ఉండాల" అంటుంది. మురుకులు, నిప్పట్లు, కారాలు డిసెంబరు 15 నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు.

కజ్జికాయల్లో ఒక జాగ్రత్త ఉంది. లోపల ఎండుకొబ్బరి, పుట్నాలపప్పు, చక్కెర పెడితే పది రోజులు ఢోకా లేదు. పచ్చికొబ్బరి పెడితే రెండు మూడు రోజుల్లో తినేయాలి. అరిసెలకు నానబెట్టిన బియ్యాన్ని తడి ఉండగానే దంచి, ఆ తడి పిండినే వెంటనే పాకంలో పోయాలి. పిండి ఆరిపోతే అరిసె పగులుతుంది. కాబట్టి అరిసెల పనిని ముక్కలు చేసి రోజుకింత చేయడం కుదరదు, ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ కూర్చొని ఒకేసారి ముగించాలి. అయితే ఒకసారి చేశాక అవి చాలా రోజులు ఉంటాయి. బెల్లం పాకం నీటిని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు అందనివ్వదు. ఓళిగలకైతే పూర్ణం 24 సాయంత్రం గట్టిగా ఉడికించి పెట్టుకొని, 25న కాల్చుకోవచ్చు. డిసెంబరు చలికి ఆ ఒక్క రాత్రి పూర్ణం చెడదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇడ్లీ పిండి దగ్గర. ఎండాకాలంలో రాత్రి రుబ్బితే పొద్దునకు పొంగుతుంది. అదే లెక్కన డిసెంబరులోనూ రాత్రి రుబ్బి, పొద్దున చూస్తే రుబ్బిన కాడికే ఉంటుంది. పిండిని పులియబెట్టే బ్యాక్టీరియా చలికి నిదానంగా పని చేస్తుంది. మరి ఏం చేయాలి? 24వ తేదీ మధ్యాహ్నం 12 లోపలే రుబ్బి, గిన్నె సగానికి మించకుండా పోసి, పొయ్యి పక్కన వెచ్చగా ఉండే చోట పెట్టాలి. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో వంటయ్యాక బూడిద వెచ్చగా ఉంటుంది, దాని పక్కన పెడితే చాలు.

వడల సంగతి వేరు. మినపపిండిని బాగా రుబ్బినప్పుడు అందులో గాలి చేరి గుల్లబడుతుంది. రాత్రి రుబ్బి ఉంచితే ఆ గాలి పోయి, పిండి పులిసి, వేసిన వడ నూనె తాగుతుంది. కాబట్టి వడ కావాలంటే పొద్దున్నే రుబ్బాలి, పొద్దున్నే రుబ్బాలంటే ఎవరో ఒకరు 4 గంటలకు లేవాలి. ఆ 'ఎవరో ఒకరు' ఎవరో మనకు తెలుసు. మా అభిప్రాయం, వడలు వదిలేయవచ్చు. క్రిస్మస్‌కు వడలు తప్పనిసరి అని బైబిలులో ఏ వాక్యంలోనూ లేదు. ఇడ్లీ, చెనక్కాయల చట్నీ, ముందే చేసిన తీపి ఒకటి ఉంటే టిఫిన్ అయిపోతుంది. ఈ మాట మీద మాలోనే గొడవ జరిగింది, ఇద్దరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోని వాళ్లే రుబ్బాలని తీర్మానించాం.

మాంసం మాత్రం ముందు రోజు తెచ్చి ఉంచవద్దు. ఫ్రిజ్ ఉన్న ఇళ్లు వేరు. లేని ఇళ్లలో, చలికాలమే కదా అని పచ్చి మాంసాన్ని రాత్రంతా బయట పెడితే కడుపులు చెడతాయి. పసుపు, ఉప్పు పట్టించినంత మాత్రాన ఆ భయం పోదు. అంగడి అన్నకు 23నే చెప్పి పెట్టుకుంటే 25 పొద్దున 6 గంటలకు పోయి తెచ్చుకోవచ్చు. చెప్పకుండా 8కి పోతే గంటన్నర నిలబడాలి. అల్లం, వెల్లుల్లి 23నే నూరి కాస్త ఉప్పు, నూనె కలిపి సీసాలో పెట్టుకుంటే రెండు రోజులు బాగానే ఉంటుంది. ధనియాలు, చెక్క, లవంగాలు వేయించి కొట్టిన పొడి నెల ముందైనా చేసుకోవచ్చు. ఎర్రగడ్డలు ఒలిచి పెట్టుకోండి గాని కోసి పెట్టుకోవద్దు, తెల్లారేసరికి వాసన మారుతుంది. కూర పొద్దున్నే వండేసి, చర్చి నుంచి వచ్చాక బాగా తెర్లేదాకా కాచి, ఆ పక్కన పలావు వేసుకుంటే 2 గంటలకు భోజనం. 12.30కే తినాలని ఎవరూ చెప్పలేదు. టిఫిన్ 8కి తిన్న వాళ్లకు 2 దాకా ఆకలి ఆగుతుంది.

గుడ్డల విషయం తొందరగా చెప్పేస్తాం. డిసెంబరులో ఏ దర్జీ అన్నా "రేపు రా" అనే అంటాడు. బట్ట నవంబరు ఆఖరుకే ఇవ్వాలి, 20వ తేదీకి తెచ్చుకొని ఒకసారి తొడిగి చూడాలి. చూడకపోతే ఏమవుతుందో మాలో ఒకడికి తెలుసు, 25 పొద్దున చేతులు పట్టని చొక్కాతో ఏడ్చాడు. నవంబరులో ఇవ్వాలంటే నవంబరులో డబ్బులుండాలి, అది అసలు చిక్కు. వారానికి ఇంత అని ఇంట్లోనో, అమ్మ ఉన్న పొదుపు సంఘంలోనో వేసుకున్న వాళ్లకు కంతుల మీద కొనే బాధ తప్పింది. ఊరూ పేరూ తెలియని పండుగ చీటీల్లో మాత్రం కట్టవద్దు.

నక్షత్రం పిల్లల పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాం. వెదురు బద్దలు కట్టి రంగు కాగితం అతికించే నక్షత్రంలో పాతరకం బల్బు పెట్టవద్దు. ఆ బల్బు తీసుకునే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది, కాగితానికి తగిలితే మాడుతుంది, మంట కూడా అంటుకోవచ్చు. ఎల్‌ఈడీ బల్బు అంత వేడెక్కదు. అయినా దాన్ని మధ్యలో కదలకుండా కట్టాలి. వైరు అతుకుల మీద టేపు చుట్టాలి. కప్పు మీద బోద ఉన్న ఇళ్లలో నక్షత్రాన్ని కప్పుకు తగిలించకుండా, వాకిట్లో ఒక గుంజ పాతి దానికి కట్టాలి. కొవ్వొత్తులు వెలిగించి చర్చికి పోవద్దు.

24 సాయంత్రం, నాటికకు పోయే ముందు ఒక గంట అందరూ ఇంట్లో ఉండగలిగితే పొద్దున పని సగం పోతుంది. డ్రమ్ములు, బిందెలు నింపాలి. అందరి గుడ్డలు ఇస్త్రీ చేసి, ఎవరివి వాళ్లవి లోపలి బనియను, చేతిరుమాలుతో సహా ఒక్కో కుప్పగా పెట్టెలో పెట్టాలి. బైబిలు, పాటల పుస్తకం, కానుక డబ్బులు ఒక సంచిలో వేసి తలుపు పక్కన తగిలించాలి. కానుకకు చిల్లర 24నే మార్చుకోవాలి, 25న ఊళ్లో ఎవరి దగ్గరా దొరకదు. ఇరుగుపొరుగు ఇళ్లకు పంపే పిండివంటలు పళ్లేల్లో సర్ది మూతపెట్టుకోవచ్చు. దసరాకు, రంజాన్‌కు వాళ్లు మనకు పంపిన గిన్నెలు ఇంట్లోనే ఉండి ఉంటాయి, అవి వెతకడానికి పొద్దున అరగంట పడుతుంది. చిన్నపిల్లలను 24 మధ్యాహ్నం బలవంతంగానైనా రెండు గంటలు పడుకోబెట్టాలి. క్యారల్స్‌లో తిరిగిన పిల్లలు నిద్ర లేక పొద్దున చేసే పేచీ అంతా అమ్మ మీదే పడుతుంది. వాకిట్లో ముగ్గు కూడా ఆ గంటలోనే వేసుకుంటే మంచిదే గాని, రాత్రి క్యారల్స్ వాళ్లు తొక్కేస్తారు. దాన్ని పొద్దునకే ఉంచాం.

ఇవన్నీ వినడానికి బాగున్నాయి, చేస్తే ఏమైందని అడుగుతారు. పోయిన డిసెంబరులో మాలో 7 మందిమి చేసి చూశాం. అందరికీ ఒకేలా జరగలేదు. ఒకడు పిండి గిన్నెను పొయ్యికి మరీ దగ్గరగా పెట్టాడు, అది రాత్రే పొంగి పారి, చర్చి నుంచి వచ్చాక 2 గంటల రాత్రి బండలు కడగవలసి వచ్చింది. ఒకరి నాయనకు పౌడరు మిల్లులో రాత్రి షిఫ్టు పడింది, నీళ్లు మోసే మనిషి లేకపోయాడు. ఇద్దరిళ్లలో మొదట "మగపిల్లోడివి నీకెందుకురా" అని అవ్వలు పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఇంకొకరి అమ్మ 8 గంటలకే పని ముగిశాక ఏం చేయాలో తోచక, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. అయినా 5 మంది అమ్మలు మొదటి పాటకు చర్చిలో ఉన్నారు. మేము వెనక్కి తిరిగి చూసి లెక్కపెట్టుకున్నాం.

ఇందులో ఒక ఇంటి సంగతి వేరుగా చెప్పాలి. రాజంపేట, కోడూరు వైపు ఊళ్ల నుంచి కువైట్‌కు పోయిన వాళ్లు చాలామంది. మాలో ముగ్గురి అమ్మలు అక్కడ ఇళ్లలో పని చేస్తున్నారు. కువైట్‌లో క్రిస్మస్ సెలవు కాదు. కువైట్ నగరంలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో తెలుగు ఆరాధనలు జరుగుతాయి గాని, ఇళ్లలో పని చేసే వాళ్లకు ఆ రోజు బయటికి వచ్చే వీలు ఉంటుందో ఉండదో యజమానుల మీద ఆధారపడి ఉంటుంది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు 7.30 అయితే అక్కడ 5. ఆ ఇంటివాళ్లు లేవకముందు వంటింట్లో నిలబడి ఫోను చేసుకునే సమయం అదే.

మాలో ఒకడి అమ్మ అంతకుముందు ఏడు క్రిస్మస్ నాడు సరిగ్గా ఆ వేళకే చేసింది. అప్పుడు వాడు మాంసం అంగడి దగ్గర వరుసలో ఉన్నాడు, వాడి చెల్లెలు కుళాయి దగ్గర ఉంది. అవ్వ చేతులకు పిండి, ఫోనేమో ఛార్జింగు లేక ఒక మోత మోగి ఆగిపోయింది. ఆమె మళ్లీ చేయగలిగింది రాత్రి 11కు. అప్పటికి చెల్లెలు నిద్రపోయింది, కొత్త గౌను విప్పేసి ఉంది. హాస్టల్లో ఆ రాత్రి మొదటి పాట ప్రశ్న వేసింది ఆ పిల్లోడే అని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. వాళ్ల ఇంట్లో "ఉన్నిందా" అని అడగడానికి కూడా అమ్మ లేదు.

అలాంటి ఇళ్లలో పొద్దున ఖాళీగా ఉండవలసిన సమయం ఏదో ముందే తెలుసు, ఆ అరగంట చుట్టూ మిగతా పనులు సర్దుకోవాలి. వాడు అదే చేశాడు. ఫోను రాత్రే ఛార్జింగు పెట్టి, రీఛార్జి 23నే చేయించాడు. మాంసం 6 గంటలకే తెచ్చేశాడు. చెల్లెలికి 7 లోపల తలంటి, గౌను తొడిగారు. అవ్వ ఇడ్లీ పాత్ర దించి, చేతులు కడుక్కొని గడప మీద కూర్చుంది. వాకిట్లో చెల్లెలు వేసిన నక్షత్రం ముగ్గు ఫోనులో కనపడేలా స్టూలు మీద ఒక డబ్బా పెట్టి దానికి ఫోను ఆనించారు.

7.25కే మోగింది. వాళ్లమ్మ చాలా సేపు ఏమీ మాట్లాడలేదట, గౌనును, ముగ్గును చూస్తూ ఉండిపోయిందట. తర్వాత "అత్తా, నువ్వు కూర్చోనుండావే, పొయ్యి మీద ఏమీ లేదా?" అని అడిగిందట.